డేటా మార్చాం కదా, ఇక పారేద్దాం అనకండి: పాత కంప్యూటర్ వ్యవస్థలను మూసేస్తున్న అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాఖాధిపతులకు, సంస్థల యాజమాన్యాలకు, కంప్యూటర్ విభాగాల బాధ్యులకు, రికార్డుల సంరక్షకులకు,

నమస్కారం.

పాత కంప్యూటర్ వ్యవస్థను ఆపి కొత్తది పెట్టుకునేటప్పుడు పాతదాని కోడు, మాన్యువల్లు, లోపాల చిట్టా, శిక్షణ కాగితాలు పారేయకుండా చరిత్ర పరిశోధనకు ఉంచమని విడివిడిగా ఎన్నో విన్నపాలు పంపాం. చాలావరకు బుట్టదాఖలయ్యాయి. జవాబంటూ వచ్చినచోట వచ్చింది ఒక్కటే: "డేటా అంతా కొత్త వ్యవస్థలోకి మార్చేశాం, దాచడానికి ఇంకేమీ మిగల్లేదు." రోజువారీ పని ఆగకుండా ఇంత పెద్ద మార్పు చేయడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఆ జవాబు చెడు ఉద్దేశంతో ఇచ్చింది కాదనీ తెలుసు. అయినా అది తప్పు జవాబు. ఎందుకు తప్పో అందరి ముందూ చెప్పడానికే ఈ లేఖ.

కంప్యూటర్ చరిత్ర అంటే ఏ యంత్రం ముందొచ్చింది, ఎవరు కనిపెట్టారు అన్న వరుసేనని చాలామంది అనుకుంటారు. అమెరికాలో 1978లో మొదలై 1980లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చేరిన చార్లెస్ బాబేజ్ ఇన్‌స్టిట్యూట్, 1979 నుంచి వస్తున్న 'ఆనల్స్ ఆఫ్ ది హిస్టరీ ఆఫ్ కంప్యూటింగ్' పత్రిక ఈ చదువుకు గట్టి పునాది వేశాయి. ఆ తర్వాత ప్రశ్నే మారింది. కంప్యూటర్‌కు ఒకే చరిత్ర లేదని, దాన్ని తమ పనిలోకి తెచ్చుకున్న ఒక్కో వర్గానికీ ఒక్కో చరిత్ర ఉందని ప్రిన్స్‌టన్ చరిత్రకారుడు మైకేల్ మహోనీ వాదించారు. బ్యాంకు గుమాస్తాది ఒకటి, ఆసుపత్రి సాంకేతికురాలిది ఒకటి, జనాభా లెక్కల శాఖది ఇంకొకటి. యంత్రాన్ని ఎవరు ఎందుకు తెచ్చారు, దాంతో ఎవరి పని మారింది, ఎవరి మాట చెల్లకుండా పోయింది అన్నవే ఇప్పుడు అసలు ప్రశ్నలు.

ఆ జవాబులు డేటాలో దొరకవు. ఒక రికార్డులో 'స్థితి: 7' అని ఉందనుకోండి. 7 అంటే ఏమిటో కోడ్ల పట్టికలో ఉంటుంది. ఆ 7 ఎప్పటినుంచి వాడుకలోకి వచ్చిందో సర్క్యులర్‌లో ఉంటుంది. గుమాస్తా 7 కొట్టకుండా ముందుకు వెళ్లే వీలుందా లేదా అన్నది ప్రోగ్రాములో ఉంటుంది. అసలైన గడి లేక అందరూ అందులో 7 నింపేవారన్న సంగతి ఆ సీట్లో కూర్చున్న మనిషికి మాత్రమే తెలుస్తుంది. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి సరిచూడటమే మా పని. కాగితం ఒక్కటే నమ్మితే ఏం జరగాలనుకున్నారో తెలుస్తుంది కానీ ఏం జరిగిందో తెలియదు. జ్ఞాపకం ఒక్కటే నమ్మితే ఏళ్లు గడిచేకొద్దీ సంఘటనల వరుస తారుమారవుతుంది.

ఏది ఎక్కడ దొరుకుతుందో ముందుగా చెప్పడం కూడా కష్టమే. తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అయిన ఎనియాక్ యంత్రాన్ని అమెరికాలో 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించారు. దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులున్న ఆ యంత్రానికి ప్రోగ్రాములు అమర్చింది ఆరుగురు మహిళలు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. ఫొటోల్లో మహిళలు కనబడుతూనే ఉన్నారు, వాటి కింద పేర్లే లేవు. వారికి గుర్తింపు రావడానికి దశాబ్దాలు పట్టింది. బ్రిటన్ ప్రభుత్వ కార్యాలయాల్లో యంత్రాలపై పనిచేసిన మహిళల గ్రేడ్లను సమాన వేతనం నుంచి పక్కన పెట్టిన సంగతి చరిత్రకారులకు దొరికింది యంత్రాల్లో కాదు, వేతన దస్త్రాల్లో. ఇక ఎనియాక్ పేటెంటును 1973 అక్టోబరు 19న కొట్టేసిన హనీవెల్, స్పెర్రీ రాండ్ కంపెనీల మధ్య కేసు ఉంది. ఆ దావా కోసం పోగైన కాగితాలు ఇప్పటికీ తొలినాళ్ల చరిత్రకు గొప్ప నిధి. కోర్టుకెక్కితే తప్ప కాగితాలు బతకవన్నది ఏ సమాజానికీ మంచి పద్ధతి కాదు.

పారేస్తే ఏమవుతుందో, ఉంచితే ఏం మేలో జరిగిన సంగతులే చెబుతాయి.

1. మొత్తాలు ఉంచి మూలాలు పోగొట్టుకోవడం. 1890 అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ తయారుచేసిన, రంధ్రాలు పొడిచిన కార్డులను చదివే యంత్రాలతో లెక్కగట్టారు. యంత్రాలతో ఇంత పెద్ద లెక్క తేల్చిన తొలి సందర్భాల్లో అదొకటి. ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన పట్టీల్లో అధికభాగం 1921 జనవరి అగ్నిప్రమాదంలో కాలి, తడిసి పాడయ్యాయి. మిగిలినవాటిని 1930ల్లో ప్రభుత్వమే అనుమతిచ్చి నాశనం చేయించింది. సుమారు 6 కోట్ల 30 లక్షల మంది వివరాల్లో ఇప్పుడు దొరికేవి కొన్ని వేల పేర్లే. అచ్చయిన మొత్తాలు పదిలంగా ఉన్నాయి. కానీ మొత్తాలు ఆనాడు అడిగిన ప్రశ్నలకే జవాబిస్తాయి. తమ ముత్తాత ఏ వీధిలో ఉండేవాడో, వలస వచ్చినవాళ్లను ఏ గడిలో వేశారో అడిగేవాళ్లకు ఆ ద్వారం మూసుకుపోయింది.

2. రహస్యమని తగలబెట్టడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించడానికి బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్కులో 1944 నుంచి పనిచేసిన కొలోసస్ యంత్రాలను యుద్ధం ముగిశాక చాలావరకు విరగ్గొట్టారు. వాటిని రూపొందించిన టామీ ఫ్లవర్స్ తన డిజైన్ కాగితాలను కాల్చేయాల్సి వచ్చింది. 1970ల దాకా ఆ యంత్రం ఉన్నట్టే లోకానికి తెలియదు. 1993లో టోనీ సేల్ బృందం దాన్ని మళ్లీ కట్టడానికి పూనుకున్నప్పుడు చేతిలో ఉన్నవి ఎనిమిది ఫొటోలు, కొందరు ఇంజినీర్లు దాచుకున్న సర్క్యూట్ చిత్రాల తునకలు, బతికున్నవాళ్ల జ్ఞాపకాలు. పని పూర్తయ్యేసరికి 2007 వచ్చింది. నిబంధనల ప్రకారం ఆ తునకలు కూడా ఉండకూడనివే.

3. వస్తువు ఉండి చదివే దారి లేకపోవడం. ఇంగ్లండు భూముల వివరాలు రాసిన 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్లయిన సందర్భంగా 1986లో బీబీసీ లేజర్ డిస్కులపై కొత్త డూమ్స్‌డే తయారుచేసింది. తొమ్మిది శతాబ్దాల నాటి తోలు పుటలు ఈనాటికీ చదవొచ్చు. ఈ డిస్కులను చదివే యంత్రాలు మాత్రం రెండు దశాబ్దాలు తిరక్కుండానే కరువయ్యాయి. ప్రత్యేక ప్రాజెక్టు పెట్టి వాటిని బయటికి తీయాల్సి వచ్చింది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1966, 67ల్లో నాసా లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన చంద్రుడి చిత్రాల టేపులు 2008 తర్వాత మళ్లీ చదవగలిగారంటే, నాన్సీ ఎవాన్స్ అనే సంరక్షకురాలు టేపులతో పాటు వాటిని చదివే ఆంపెక్స్ ఎఫ్ఆర్-900 యంత్రాలను కూడా ఏళ్ల తరబడి కాపాడటమే కారణం.

4. ప్రాణాలకు సంబంధించినది. థెరాక్-25 రేడియేషన్ చికిత్స యంత్రం వల్ల 1985, 87 మధ్య ఆరుగురికి విపరీతమైన మోతాదు తగిలింది. కనీసం ముగ్గురు చనిపోయారు. టెక్సాస్‌లోని టైలర్‌లో 1986లో తెరమీద 'మాల్‌ఫంక్షన్ 54' అని వచ్చింది. ఆ సంఖ్యకు అర్థమేమిటో ఆపరేటర్ మాన్యువల్‌లో లేదు. అక్కడి ఆపరేటర్, భౌతికశాస్త్రవేత్త పట్టుబట్టి అదే క్రమంలో మీటలు నొక్కి లోపాన్ని మళ్లీ రప్పించారు. వివరాలు తప్పు కొట్టి, అయస్కాంతాలు కుదురుకునే 8 సెకన్లలోపే సరిదిద్దితే ఆ దిద్దుబాటును ప్రోగ్రాము పట్టించుకోవడం లేదని అలా తేలింది. ఇంకో లోపం ఒక లెక్కింపు గడిది. దానికి ఇచ్చిన చోటు ఒకే బైటు. అందులో 255 తర్వాత మళ్లీ సున్నా వస్తుంది. సున్నా అంటే తనిఖీ అక్కర్లేదని ప్రోగ్రాము అనుకుంటుంది. సరిగ్గా ఆ క్షణంలో ఆపరేటర్ మీట నొక్కితే తనిఖీ లేకుండానే కిరణం వెలువడుతుంది. అంతకుముందు వచ్చిన థెరాక్-20లో విడిగా రక్షణ సర్క్యూట్లు ఉండటంతో ఇలాంటి తప్పులు ఎవరికీ హాని చేయలేదు, బయటపడనూ లేదు. ఇదంతా మనకు తెలిసిందంటే నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ అనే పరిశోధకులు ఉత్తరాలు, నివేదికలు, కోర్టు వాంగ్మూలాలు పోగుచేసి 1993లో ప్రచురించడం వల్ల. ఆ కాగితాలు లేకపోతే 'ఆపరేటర్ పొరపాటు' అన్న ఒక్క మాటతో ఫైలు మూసుకుపోయేది.

5. మనిషి నిర్దోషిత్వానికి సంబంధించినది. బ్రిటన్ పోస్టాఫీసుల్లో 1999 నుంచి పెట్టిన హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ లెక్కల్లో నిజంగా లేని లోటు చూపించింది. ఆ లోటును ఆధారం చేసుకుని 900 మందికి పైగా శాఖా నిర్వాహకులకు దొంగతనం, తప్పుడు లెక్కల నేరాలకు శిక్షలు వేశారు. కొందరు జైలుకు వెళ్లారు, కొందరు ఇళ్లు అమ్ముకున్నారు. ఎదురు నిరూపణ లేనంతవరకు కంప్యూటర్ సరిగానే పనిచేసిందని కోర్టులు అనుకునే నియమం అక్కడ ఉంది. ఆ ఎదురు నిరూపణకు కావలసిన కాగితాలు నిందితుల దగ్గర ఉండవు. 2019 డిసెంబరులో హైకోర్టు ఆ వ్యవస్థలో లోపాలున్నాయని తేల్చినప్పుడు గట్టి ఆధారంగా నిలిచినవాటిలో సహాయ సిబ్బంది తమ పని కోసం రాసుకున్న తెలిసిన లోపాల చిట్టా ఒకటి. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను రద్దు చేసింది. 2024లో మిగతావారి కోసం చట్టమే తెచ్చారు. సామాన్యంగా కాంట్రాక్టు ముగిసిన రోజున ముందుగా చెరిపేసేది ఇలాంటి చిట్టాలనే. అది చెరిగిపోయి ఉంటే ఆ మనుషులు ఏం చూపించి తమ మాట నిలబెట్టుకునేవారో ఒక్కసారి ఆలోచించండి.

ఇప్పుడు 'డేటా మార్చేశాం' అన్న మాటకు వద్దాం. అందులో సాంకేతికంగా కూడా పొరపాటుంది.

కంప్యూటర్ ఒక్కో అక్షరాన్నీ ఒక్కో సంఖ్యగా దాస్తుంది. ఐబీఎం పెద్ద యంత్రాలు అందుకు ఎబ్సిడిక్ అనే కోడు వాడతాయి. తర్వాతి యంత్రాల్లో ఎక్కువ భాగం ఆస్కీ అనే వేరే కోడు వాడతాయి. ఫైలును అక్షరాల ఫైలుగా పంపితే దారిలోనే ఒక్కో బైటునూ పట్టిక ప్రకారం మార్చేస్తారు. పేర్లు, ఊర్లు చక్కగా వస్తాయి. అంకెలు అలా రావు. కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాముల్లో తరచూ మొత్తాలను ఒక్కో బైటులో రెండేసి అంకెలు కుక్కి, చివరి అర బైటులో ధన, రుణ గుర్తు పెడతారు. 12345 అన్న సంఖ్య మూడు బైట్లలో 12, 34, 5సి అని కూర్చుంటుంది, ఇందులో సి అంటే ధన గుర్తు. అవి అక్షరాలు కావు, కానీ అనువాద పట్టికకు ఆ సంగతి తెలియదు. వాటినీ మార్చేస్తుంది. రెండు వేర్వేరు విలువలు ఒకే విలువగా మారిపోతే వెనక్కి తిప్పే దారి లేదు. పేర్లు సరిగా ఉన్నాయి కాబట్టి తనిఖీలో ఎవరికీ అనుమానం రాదు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో మొత్తాలు కూడినప్పుడు బయటపడుతుంది, అప్పటికి టేపు తుక్కులో కలిసిపోయి ఉంటుంది. అందుకే మూలాన్ని బైటు బైటుగా, ఏ మార్పూ లేకుండా ఒక నకలు తీశాకే మార్పిడి మొదలుపెట్టాలి. ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా ఏ వివరం ఉందో చెప్పే రికార్డు నమూనా పత్రం ఆ నకలుతో పాటే ఉండాలి. అది లేని టేపు తాళంచెవి పోయిన పెట్టె లాంటిది.

చోటు చాలదన్న వాదన కూడా నిలవదు. 2,400 అడుగుల అర అంగుళం టేపు చుట్టలో అంగుళానికి 1,600 బైట్ల చొప్పున ఎంత నింపినా 4 కోట్ల 61 లక్షల బైట్లు దాటవు. బ్లాకుల మధ్య ఖాళీలు పోతే ఇంకా తక్కువే. గది నిండా ఉన్న వెయ్యి చుట్టలూ గోరంత మెమరీ కార్డులో పడతాయి. యంత్రాలన్నిటినీ దాచమని కూడా మేము అడగడం లేదు. బాబ్ సప్నిక్ 1993లో మొదలుపెట్టిన సిమ్‌హెచ్ లాంటి అనుకరణ ప్రోగ్రాములు ఎన్నో పాత యంత్రాలను నేటి కంప్యూటర్ మీద నడుపుతున్నాయి. అయితే వాటికి తిండి కావాలి. ఆపరేటింగ్ సిస్టమ్, కోడును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్, మాన్యువల్ లేకుండా ఏ అనుకరణా నడవదు.

తీసేటప్పుడు మంచి మనసుతోనే జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి, ఇవి మీ సిబ్బందికి తప్పక చెప్పండి. ఏళ్ల తరబడి ఆగిన యంత్రాన్ని 'ఒకసారి చూద్దాం' అని ప్లగ్గులో పెట్టొద్దు. ఎండిపోయిన కెపాసిటర్లు పేలి బోర్డునే కాల్చేస్తాయి. తేమ పీల్చి జిగురెక్కిన టేపును డ్రైవులో తిప్పితే అయస్కాంత పొర ఊడి హెడ్డుకు అంటుకుంటుంది, ఆ భాగం మళ్లీ రాదు. అలాంటి టేపును నిపుణులు దాదాపు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి నిలకడగా వేడిచేస్తారు. ఆ ఉపశమనం కొన్ని వారాలే కాబట్టి వెంటనే చదివేయాలి. పాత ఎసిటేట్ టేపులకు ఈ పద్ధతి పనికిరాదు. ఫ్లాపీల విషయంలో తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి: 5¼ అంగుళాల దానికి పక్కనున్న గాటును మూస్తే రాత ఆగుతుంది, 3½ అంగుళాల దానికి మూలనున్న రంధ్రం తెరిస్తే రాత ఆగుతుంది. రెండూ ఒకటేననుకుని పెట్టినవాళ్ల చేతుల్లో మూల ప్రతులే చెరిగిపోతాయి. గాజు కిటికీ ఉన్న ఈప్రామ్ చిప్పుల మీది స్టిక్కరు పీకొద్దు, వెలుతురు తగిలితే లోపలి ప్రోగ్రాము క్రమంగా మాసిపోతుంది. బోర్డుల మీది నికెల్ కాడ్మియం బ్యాటరీలు కారి రాగి తీగలను తినేస్తాయి కాబట్టి తీసేయాలి, కానీ తీసేముందు సెట్టింగులు రాసిపెట్టుకోవాలి. హార్డ్‌డిస్కును రాతను అడ్డుకునే పరికరం ద్వారానే కలిపి, మొత్తం ప్రతిబింబం తీసి, నకలులో ఒక్క బైటు మారినా పట్టిచ్చే ఎస్‌హెచ్‌ఏ-256 తనిఖీ సంఖ్యను లెక్కగట్టి రాసి ఉంచాలి. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి కోడు ఇచ్చే యూనికోడ్ రాకముందు ఒక్కో సంస్థ తన సొంత ఫాంటులో సొంత కోడుతో అక్షరాలు దాచింది. ఆ ఫాంటు ఫైలు పోతే పత్రం తెరుచుకుంటుంది, చదవడానికి అక్షరం మిగలదు.

పై కారణాల దృష్ట్యా మా డిమాండ్లు ఇవి:

1. ఏ వ్యవస్థనైనా ఆపడానికి కనీసం 90 రోజుల ముందు బహిరంగంగా ప్రకటించాలి. ఆ గడువులో టేపులు, డిస్కులు, కాగితాలు వేలానికి గానీ తుక్కుకు గానీ పంపకూడదు. పారేసే నిర్ణయం ఒక్క అధికారి సంతకంతో జరగకూడదు. రికార్డుల సంరక్షకుడి సంతకం కూడా ఉండాలి.

2. సోర్స్ కోడు అన్ని కూర్పులతో, దాన్ని నడపడానికి కావలసిన కంపైలర్‌తో సహా ఉంచాలి. రికార్డు నమూనాలు, కోడ్ల పట్టికలు, ఆపరేటర్ మాన్యువల్లు, శిక్షణ కాగితాలు, ఖాళీ దరఖాస్తు ఫారాలు, ప్రతి తెర ఫొటో జతచేయాలి. ఫొటోల్లో మనుషులుంటే వాళ్లను అడిగి పేర్లు రాయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా లోపాల చిట్టాలు, ఫిర్యాదుల రిజిస్టర్లు ఒక్క వరుస కూడా తీయకుండా అప్పగించాలి.

3. బయటి కంపెనీతో ఒప్పందం రాసుకునే రోజునే కాంట్రాక్టు ముగిశాక కోడు, లోపాల చిట్టా భద్రపరిచే హక్కు మీకుంటుందన్న షరతు చేర్చాలి. చివర్లో అడిగితే దొరకదు. వ్యాపార రహస్యమన్న భయముంటే 30 ఏళ్లు మూసి ఉంచే షరతుతో ఇవ్వవచ్చు. ఎంఎస్-డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ 1.1, 2.0 కూర్పుల కోడును మైక్రోసాఫ్ట్ అనుమతితో 2014లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం అందరికీ అందుబాటులో పెట్టింది. అంతకు ముందు ఏడాది ఫొటోషాప్ తొలి కూర్పు కోడు అలాగే వచ్చింది. 2016 నుంచి సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే సంస్థ బహిరంగ కోడును పోగుచేస్తోంది. దారి వేసి ఉంది, నడవడమే మిగిలింది.

4. వ్యక్తుల వివరాలను బయటపెట్టమని మేము అడగడం లేదు. చట్టం చెరిపేయమన్న డేటాను చెరిపేయండి. కానీ గోప్యత పేరుతో కోడును, మాన్యువల్లను కూడా కలిపి చెరపడం సరికాదు, వాటిలో ఎవరి సొంత వివరాలూ ఉండవు. చిట్టాల్లో పేర్లుంటే, పేర్లు మూసిన ప్రతి ఒకటి పరిశోధనకు ఇచ్చి, అసలు ప్రతిని తాళంలో ఉంచండి.

5. ఆ వ్యవస్థపై పనిచేసినవాళ్లు పదవీ విరమణ చేయకముందే వారితో మాట్లాడే అవకాశం కల్పించాలి. ప్రోగ్రామర్లు, మేనేజర్లు మాత్రమే చాలరు. వివరాలు కొట్టిన గుమాస్తాలు, రాత్రి షిఫ్టులో టేపులు మార్చినవాళ్లు, కౌంటరుకు అవతల నిలబడి 'కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు' అన్న మాట విన్నవాళ్లు కూడా కావాలి. రికార్డింగుకు ముందు అనుమతి పత్రం ఉండాలి. ఏ భాగం ఎప్పుడు బయటపెట్టవచ్చో చెప్పే హక్కు మాట్లాడినవారిదే.

6. ప్రతి నకలూ కనీసం రెండు వేర్వేరు భవనాల్లో ఉండాలి. ఏటా ఒకసారి ఎస్‌హెచ్‌ఏ తనిఖీ సంఖ్యలు సరిచూసి, తేడా వచ్చినదాన్ని రెండో ప్రతి నుంచి బాగుచేయాలి. ఈ పనికి ఒక మనిషిని పేరు పెట్టి నియమించాలి. బాధ్యత అందరిదీ అయినచోట ఏళ్ల తరబడి ఎవరూ టేపు తెరిచి చూడరు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోపు రెండు జాబితాలు ప్రకటించమని కోరుతున్నాం: రాబోయే ఏడాదిలో ఆపబోయే వ్యవస్థలవి ఒకటి, ఇప్పటికే ఆపినా ఇంకా మీ గదుల్లో పడివున్న టేపులు, డిస్కులు, కాగితాలవి రెండోది. రెండో జాబితా అసంపూర్ణంగా ఉన్నా ఫర్వాలేదు. చుట్టల మీది లేబుళ్లు ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాసి, ఫొటో తీసినా చాలు. చదవడం, నకలు తీయడం, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం మేము చేస్తాం. అందాకా ఇప్పటికే తుక్కు వేలానికి వెళ్లిన టేపులు, లోపాల చిట్టాల తరలింపును ఈ వారమే నిలిపివేయండి.

ఇట్లు,
కంప్యూటింగ్ చరిత్ర పరిశోధకులు, రికార్డుల సంరక్షకులు, పాత వ్యవస్థల మాజీ ఆపరేటర్లు